టాస్ వెయ్యనివ్వలేదు

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన ఆగాక రెఫరీ నా దగ్గరికి వచ్చి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, "బొమ్మా? బొరుసా?" అని అడిగాడు. నేను అప్పటికే బూట్ల లేసులు బిగించుకుని, రాకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాను. మొదటి సర్వీసు ఎవరిదో తేల్చడానికి అడుగుతున్నాడనుకున్నాను. ఏ మ్యాచ్‌కైనా ముందు టాస్ వేస్తారు. "బొమ్మ" అన్నాను.

నాతో ఫైనల్ ఆడవలసిన ఆవిడ పక్కనే నిలబడి నేలచూపులు చూస్తోంది. ఆమె చేతిలో రాకెట్ లేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"ఏ కోర్టు సార్?" అన్నాను.

"కోర్టెందుకమ్మా? టైం ఎక్కడుంది? టాస్‌తోనే తేల్చేద్దాం. బొమ్మ పడితే కప్పు నీది, బొరుసైతే ఆ మేడంది. అయిదు నిమిషాల పని."

బిళ్ళ ఆయన బొటనవేలి మీద ఉంది. ఎగరెయ్యక ముందే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"టాస్ వద్దు సార్. ఆడుతం."

అది పెద్ద టెన్నిస్ టోర్నమెంటు. చాలా రాష్ట్రాల నుంచి ఆటగాళ్ళు వచ్చారు. కుర్రాళ్ళు, అమ్మాయిలు, వాళ్ళతోపాటు వయసు మళ్ళినవాళ్ళకు వేరే పోటీలు. నేను యాభై దాటిన ఆడవాళ్ళ సింగిల్స్ ఆడుతున్నాను. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేట దగ్గరి ఒక క్లబ్బులో జరిగింది. చలికాలం వారాలన్నీ ముందే వేరే ఊళ్ళకు వెళ్ళిపోయాయని, పైనున్న టెన్నిస్ సంఘం వాళ్ళు మాకు వానాకాలంలో వారం ఇచ్చారు. ఇచ్చిందే చాలనుకుని మా క్లబ్బువాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆషాఢంలో సికింద్రాబాద్ మీద వాన పడదని ఎవరికి ఎవరు మాట ఇచ్చారో నాకు తెలియదు.

సోమవారం నుంచీ పడింది. పొద్దున కాస్త తెరిపి ఇచ్చేది. కోర్టు తుడిచి, నెట్ బిగించి, ఇద్దరు ఆటగాళ్ళు బంతులు కొట్టుకోవడం మొదలుపెట్టేసరికి మళ్ళీ చినుకు. ఎర్రమట్టి కోర్టులు మొదటి రోజే చెరువులయ్యాయి. మిగిలినవి నాలుగు సిమెంటు కోర్టులు. మా ఆయన ఆ క్లబ్బులో మార్కర్. సభ్యులకు జోడీ దొరకనప్పుడు వాళ్ళతో ఆడటం, కోర్టులు చూసుకోవడం ఆయన పని. ఆ వారమంతా ఆయన రబ్బరు వైపర్‌తో నీళ్ళు నెట్టడం, స్పాంజితో అద్దడం, మళ్ళీ నెట్టడం. సాయంత్రం మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చాక కూడా ఆయన చేతులు వైపర్ పట్టుకున్నట్టే వంకరగా ఉండేవి.

ఏ కోర్టు మీద ఎవరి తరవాత ఎవరు ఆడాలో ప్రతి సాయంత్రం బోర్డు మీద అంటిస్తారు. వాన పడితే ఆ కాగితం చింపి కొత్తది అంటిస్తారు. మా ఫైనల్ శుక్రవారం పొద్దున ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నానికి మార్చారు. ఆ తరవాత శనివారం పొద్దున్న, కుర్రాళ్ళ సెమీఫైనల్ తరవాత అన్నారు. కుర్రాళ్ళ సెమీఫైనల్ అయ్యాక కుర్రాళ్ళ డబుల్స్ వచ్చి మా ముందు కూర్చుంది. అది అయ్యాక మగవాళ్ళ అరవై దాటినవాళ్ళ మ్యాచ్ వచ్చింది. ప్రతి కొత్త కాగితంలోనూ మేము అట్టడుగునే ఉన్నాం. పైన ఎన్ని మారినా అడుగున మేమిద్దరం మాత్రం కదల్లేదు.

ఆడటం కన్నా ఆగటం కష్టం. తింటే, సరిగ్గా అప్పుడే పిలుస్తారు. తినకపోతే పిలవరు, కడుపు మాడుతుంది. ఒళ్ళు వేడెక్కించుకోవాలి, అది చల్లారేలోపు మళ్ళీ వేడెక్కించుకోవాలి. నా మోకాళ్ళు కుర్రదాని మోకాళ్ళు కావు. మా కోడలు ఫోన్ చేసి, "అత్తమ్మా, అయిపోయిందా?" అనేది.

"ఇంకా షురూ కాలేదే."

"మరి పొద్దటి సంది ఏం చేస్తున్నరు?"

"కూసున్న."

"కూసునుడుకు అంత పెద్ద బ్యాగెందుకు అత్తమ్మా?" అని నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. శనివారం సాయంత్రానికి నవ్వు రాలేదు.

ఆదివారం నాలుగు గంటలకు బహుమతుల సభ. ముఖ్య అతిథి టైం ఇచ్చేశాడు. మన దగ్గర ఏ పోటీ అయినా ఇంతే. ఆట ఎన్నిసార్లయినా వెనక్కి జరుగుతుంది, ముఖ్య అతిథి టైం మాత్రం జరగదు. షామియానా వేసేశారు, సోఫాలు వచ్చాయి, ఫ్లెక్సీ కట్టారు, శాలువాలు పూలదండలు వచ్చాయి. ఆ నాలుగు గంటల లోపు కుర్రాళ్ళ ఫైనల్, అమ్మాయిల ఫైనల్, మగవాళ్ళ ఫైనల్స్ పూర్తి చెయ్యాలి. పొద్దుటి వాన రెండింటికి ఆగింది. మగవాళ్ళ యాభై అయిదు దాటినవాళ్ళ ఫైనల్‌ని ఒక్క సెట్‌కి కుదించి రెండో కోర్టు ఇచ్చారు. మాకు రూపాయి బిళ్ళ ఇచ్చారు.

"వాళ్ళకు ఒక్క సెట్ ఇచ్చిండ్రు కద. మాకు సుత అదే ఇయ్యుండ్రి," అన్నాను.

"ఆ సారు పుణె నుంచి వచ్చాడమ్మా. నువ్వు మల్కాజ్‌గిరి నుంచి వచ్చావ్."

"దగ్గరోళ్ళకు ఆట ఉండదా సార్?"

ఆయన చెడ్డవాడు కాదు. వారం రోజులుగా అందరి చేత తిట్లు తింటున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. "ఇద్దరికీ సగం సగం పంచుదామంటే రూలు ఒప్పుకోదు. ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. ఆ మేడం టాస్‌కి ఒప్పుకున్నారు. నువ్వు ఒప్పుకోకపోతే వాకోవర్ రాసేస్తాను. ఆమె గెలిచినట్టు."

ఆవిడ వైపు తిరిగాను. సైనిక్‌పురిలో ఉంటారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మాటలో కోస్తా యాస. నాకన్నా నాలుగయిదేళ్ళు పెద్ద. "ఏందక్కా, ఒప్పుకున్నవా?" అని అడిగాను.

"ఏం చెయ్యమంటావమ్మా? మూడ్రోజుల్నుంచి ఇక్కడే పడి ఉన్నాం. ఏదో ఒకటి తేలిపోతే ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకుంటాను," అంది.

మా ఆయన వైపర్ ఆపి దూరం నుంచి చూస్తున్నాడు. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. వచ్చి చెవి దగ్గర, "జెర ఊకోయే. టాస్ నీదిక్కే పడొచ్చు కద. లొల్లి ఎందుకు?" అన్నాడు.

నా దిక్కు పడినా నాకు వద్దు. ఆ మాట ఆయనకు తెలుసు. ఎందుకు వద్దో కూడా తెలుసు.

పదిహేనేళ్ళ కిందట నాకు అక్షరం రాదు. ఆట అంతకు ముందే వచ్చింది. పొద్దున్నే మా ఆయనతో వచ్చి మట్టి కోర్టులకు నీళ్ళు చల్లి, రోలరు లాగేదాన్ని. ఒక రోజు సభ్యురాలొకావిడ డబుల్స్‌కి నాలుగో మనిషి రాలేదని, "ఊరికే నిలబడు, బంతి వస్తే అటు నెట్టు" అని నన్ను నిలబెట్టింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడ్డాను. బంతి వచ్చింది, నెట్టాను. అక్కడి నుంచి నేను మళ్ళీ ఊరికే నిలబడలేదు. కొన్నేళ్ళకు ఆ సభ్యురాళ్ళే ప్రవేశ ఫారం నింపి నన్ను మొదటిసారి పోటీకి పంపారు. ఆ పోటీలో కూడా వాన. మా మ్యాచ్‌ని వేరే మైదానానికి మార్చి బోర్డు మీద రాశారు. నేను ఆ బోర్డు ఎదురుగానే, వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాను. కొత్త కాగితం అంటించడం చూశాను. దాని మీద ఏముందో ఎవరినైనా అడగొచ్చు. అడిగితే చదువు రాదని తెలిసిపోతుంది. పిలుస్తారులే అని కూర్చున్నాను. సాయంత్రం ఒకాయన వచ్చి, "నీ మ్యాచ్ పొద్దున్నే అయిపోయిందమ్మా, వాకోవర్" అన్నాడు. రాకెట్ బ్యాగులోంచి తియ్యనేలేదు, ఓడిపోయాను. నన్ను ఓడించింది ఎవరో కూడా చూడలేదు.

ఆ తరవాతే మా కాలనీ సంఘం హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకు చెప్పే చదువుకు వెళ్ళాను. తెలుగు వచ్చాక ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కున్నాను. నా కన్నా చిన్న పిల్లలు నాకు చదువు చెప్పారు. సిగ్గుపడలేదు. ఆడకుండా ఓడిపోవడం కన్నా సిగ్గు ఏముంటుంది?

కాబట్టి రెఫరీతో గట్టిగానే చెప్పాను. "టాస్‌కు రాను. వాకోవర్ ఒప్పుకోను. నేను ఈడనే ఉన్న, ఆమె ఈడనే ఉన్నది. కోర్టు ఎండుతున్నది. ఇగ మీరు ఏం రాసుకుంటరో మీ ఇష్టం."

ఆయన వాకోవర్ అనే రాసుకున్నాడు. నాలుగింటికి సభ మొదలైంది. అతిథి వచ్చాడు, మాట్లాడాడు, వానదేవుడి మీద జోకు వేశాడు, అందరూ నవ్వారు. మా పోటీ పేరు పిలిచారు. ఆవిడ ఆకుపచ్చ పట్టుచీరలో వెళ్ళింది. బహుమతి కోసం చీర తెచ్చుకోవడం మా వయసు ఆడవాళ్ళందరికీ అలవాటే, ఫోటో ఇంట్లో గోడ మీద ఉంటుంది కదా. నేను కూడా తెచ్చుకున్నాను. బ్యాగులోంచి తియ్యలేదు. రన్నరప్ అని నా పేరు మైకులో రెండుసార్లు పిలిచారు. మూడో వరసలో, టీ షర్టు, ట్రాక్ ప్యాంటు, బూట్లతోనే కూర్చున్నాను, రాకెట్ ఒళ్ళో పెట్టుకుని. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "పోమ్మా, పిలుస్తున్నరు," అన్నాడు.

"నేను ఓడలేదు సార్. ఇంకా ఆడలేదు," అన్నాను.

ఆయన పక్కాయనతో, "ఏమంటుంది?" అన్నాడు. పక్కాయన, "ఆడలేదంట" అన్నాడు. ఆ మాట వరసలు దాటి వెళ్ళింది. ఆవిడ కప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డప్పుడు షామియానాలో సగం మంది ఆ మాటే అనుకుంటున్నారు. ఆమె నవ్వు ఫోటోకి ముందే పోయింది.

అతిథి కారు గేటు దాటగానే జనం సమోసాల మీద పడ్డారు. ఆవిడ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కప్పు చంకలో ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"ఏంటమ్మా నువ్వు చేసింది? నలుగురిలో నన్ను దొంగని చేస్తావా?"

"నిన్నేమన్న అన్ననా అక్కా? నేను ఆడలేదన్న. అబద్ధమా?"

"నేనేమైనా వాకోవర్ అడిగానా? ఆయనిచ్చాడు."

"ఇస్తే తీసుకున్నవ్."

ఆమె కప్పు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. ఆ తరవాత, "నువ్వంటే భయంతో తప్పించుకున్నానని అనుకుంటున్నావేమో. మా కాలేజీ రోజుల్లోనే నేను జోనల్ పోటీలు ఆడినదాన్ని, తెలుసా?" అంది.

"నాకెట్ల తెలుస్తది అక్కా? ఆడితే తెలుస్తది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. కోర్టు ఎండింది."

"పట్టుచీర కట్టుకుని ఉన్నానే తల్లీ!"

"నీ బట్టలున్నయి కద."

"తడిసి ముద్దయిపోయి ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. వాసనొస్తున్నాయి."

"నాయి ఒంటి మీదనే వాసనొస్తున్నయి."

ఆమెకు నవ్వు ఆగలేదు. కోపంలో నవ్వొస్తే ఎట్లా ఉంటుందో అట్లా నవ్వింది. కప్పు నా పక్క కుర్చీలో పెట్టి, సంచి తీసుకుని డ్రెస్సింగ్ రూముకు వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు తడి టీ షర్టు భుజాలకు అంటుకుని ఉంది, జడలో మాత్రం మల్లెపూలు అలాగే ఉన్నాయి.

షామియానా విప్పుతున్నారు. మేము చివరి కోర్టుకు వెళ్ళాం, నేనన్నంత ఎండలేదు అది. నెట్ అప్పటికే వదులు చేసేశారు. మా ఆయన గొణుగుతూ వచ్చి బిగించాడు, మూలన నిలిచిన నీళ్ళు నెట్టాడు. "రెఫరీ లేడు, అంపైర్ లేడు, బంతులు సుత పాతయి. ఇదేం ఫైనలే?" అన్నాడు.

"నువ్వు చూడు. చాలు."

ఆమె మంచి ఆటగత్తె. ఇది ముందే చెప్పాలి. ఫోర్‌హ్యాండ్ నేరుగా, బరువుగా వస్తుంది, నా రాకెట్ చేతిలో తిరిగిపోయేది. నేను చేసేదల్లా బంతిని కోసి కొట్టడం. తడిలో అది లేవదు, నేల మీద జారుకుంటూ పోతుంది. ఆమె వంగలేక, "ఏం మనిషివే, కాస్త పైకి కొట్టవా?" అనేది. మొదటి సెట్ ఆమె గెలిచింది. రెండో సెట్లో ఆమెను నెట్ దగ్గరికి లాగి, తల మీదుగా ఎత్తి, మళ్ళీ లాగి, అట్లా తిప్పి తిప్పి గెలిచాను. ఒక బంతి గీత మీద పడిందని నేను, అవతల పడిందని ఆమె. ఇద్దరం వంగి మచ్చ వెతికాం. నేలంతా తడి, అన్నీ మచ్చలే. మా ఆయనను అడిగాం.

"నన్ను మధ్యలకు గుంజకుండ్రి. నేను ఇంటికి సుత పోవాలె," అని మొహం తిప్పుకున్నాడు.

"చూశావా, బయటే పడింది. లేకపోతే నీ వైపే చెప్పేవాడు," అంది ఆమె. పాయింటు మళ్ళీ ఆడాం.

చెరో సెట్ అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. సమోసాలు తింటున్నవాళ్ళు కొంతమంది అప్పటికి మా కోర్టు చుట్టూ ఉన్న కంచె జాలీ దగ్గర చేరారు. "ఇంక చాలు మేడం, జారి పడతారు, ఇద్దరూ గెలిచారు" అని ఒకాయన అరిచాడు. ఇద్దరూ గెలిచారట. వారం రోజుల్లో అంత తేలిక మాట ఎవరూ అనలేదు. ఆమే జవాబు చెప్పింది. "మీరు సమోసా తినండి సార్. మేం ఆగుతాం."

వరండా మెట్ల మీద కూర్చున్నాం. ఆమె తన సంచిలోంచి అరటిపళ్ళు తీసి ఒకటి నాకిచ్చింది. 

"టాస్ అనగానే నాకు హాయిగా అనిపించింది, తెలుసా?" అంది ఆమె. "ఓడినా టాసే కదా, నాది కాదు కదా అని. నీకు అలా అనిపించలేదా?"

"నాకు అదే కోపం వచ్చింది అక్కా. నాది కానిది నాకెందుకు?"

ఆమె తొక్క మడిచి సంచిలో పెట్టుకుంది. చినుకు సన్నబడగానే తనే ముందు లేచింది.

మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడాం. మా వయసు పోటీల్లో అదే పద్ధతి. ముందు పది పాయింట్లు చేరినవాళ్ళది మ్యాచ్, కాకపోతే రెండు పాయింట్ల తేడా ఉండాలి. నేను ముందున్నాను. చివర్లో ఆమె వరసగా నాలుగు గెలిచింది. ఆఖరి బంతి నా ఫోర్‌హ్యాండ్‌కే వచ్చింది, నా చేతికి తేలిక బంతి. నెట్‌కి కొట్టాను. జారలేదు, వెలుతురు తక్కువ కాదు, ఎవరూ మాట్లాడలేదు. నేనే కొట్టాను. పది, ఎనిమిది.

ఆమె నెట్ దగ్గరికి వచ్చి చెయ్యి ఇవ్వలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.  జాలీ దగ్గరున్న పదిమంది చప్పట్లు కొట్టారు. ఓడినందుకు నా మీద నాకే కోపం పుట్టింది. పుట్టాలి కదా.

నేను తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళాను. రెఫరీ లాప్‌టాప్ సర్దుకుంటున్నాడు.

"సార్, రాసుకోండ్రి. ఆరు నాలుగు ఆమెది, ఆరు మూడు నాది, పది ఎనిమిది ఆమెది. నేను ఓడిపోయిన."

ఆయన లాప్‌టాప్ సంచి జిప్పు లాగాడు. "ఆమె గెలిచినట్టు ఆల్రెడీ ఎక్కించేశాను కదమ్మా. రిజల్ట్ అదే. ఏం తేడా?"

"వాకోవర్ తీసెయ్యుండ్రి. స్కోరు పెట్టుండ్రి."

"టోర్నమెంటు క్లోజ్ అయిపోయింది. ఇప్పుడు మార్చడానికి లేదు. అయినా ఓటమే కదా, ఎట్లా రాస్తే ఏంటి?"

"ఒకటి నేను ఆడి ఓడింది సార్. ఇంకోటి మీరు కూసోపెట్టి ఓడగొట్టింది. రెండూ ఒక్కటెట్ల అయితయి?"

వెనక నుంచి మా ఆయన, "ఓడిపోయి సుత లొల్లేనా?" అన్నాడు. ఆవిడ కూడా వచ్చి నా పక్కన నిలబడింది. "మార్చండి సార్. ఊరికే వచ్చిందని నలుగురూ అనుకుంటే నాకు బాగుండదు. చచ్చీ చెడీ గెలిచాను," అంది. జడలో మల్లెపూలు నానిపోయి మెడ మీదికి జారాయి. ఆయన ఇద్దరినీ చూసి, పై వాళ్ళకు మెయిల్ పెడతానన్నాడు. పెట్టే ఉంటాడు. మారలేదు. ఇప్పటికీ ఫోనులో ఆ టోర్నమెంటు ఫలితాల పేజీ తెరిస్తే ఆమె పేరు పక్కన అంకెలు లేవు, వాకోవర్ అనే ఉంది. నాకు చదవడం వచ్చు కాబట్టి అది చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

అది అబద్ధం. ఆ రోజు వానలో, చివరి కోర్టు మీద, పాత బంతులతో మ్యాచ్ జరిగింది. సైనిక్‌పురి ఆవిడ నన్ను ఆరు నాలుగు, మూడు ఆరు, పది ఎనిమిదితో ఓడించింది. ఎవరడిగినా ఇదే చెప్తాను. అడగకపోయినా చెప్తాను.